స్కాన్ చీటీలో ఖాళీ గీత

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న డాక్టర్లకు, రేడియోగ్రఫీ చదువుతున్న పిల్లలకు నమస్కారం. శాలువాలకే అరగంట పోయింది. నాకు మిగిలింది పది నిమిషాలు. కాబట్టి 1895 నవంబరు 8న ఎక్స్‌రే పుట్టిన కథ మీ పుస్తకాల్లోనే చదువుకోండి.

స్కానింగుల ఖర్చు, లాభం గురించి చెప్పమన్నారు. లాభం లేదని ఎవరంటారు? 1971 అక్టోబరు 1న వింబుల్డన్‌లో మొదటిసారి ఒక పేషెంటు తలకి సీటీ తీశారు. అంతకుముందు వెన్నులోంచి గాలి ఎక్కించి తలకి ఎక్స్‌రే తీసేవాళ్లు. దాంతో వచ్చే తలనొప్పి రోజుల తరబడి వదిలేది కాదు. ఇవాళ పక్షవాతం వస్తే మెదడులో రక్తం కారిందా, గడ్డ కట్టిందా అన్నది సీటీ నిమిషాల్లో తేలుస్తుంది. అది తేలనిదే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వలేం. ఆ స్కాన్‌కి ఎంత పెట్టినా దండగ కాదు.

నా గొడవంతా నడుంనొప్పితో. మొన్నొక హమాలీ వచ్చాడు, కుర్రాడే. బస్తా ఎత్తబోతే నడుం పట్టేసింది, ఇంకా వారం కాలేదు. కాళ్లలో తిమ్మిరి లేదు, జ్వరం లేదు, మూత్రం ఇబ్బందీ లేదు. చంకలో మాత్రం ఎమ్మారై కవరు! రిపోర్టులో 'డిస్క్ బల్జ్' అని ఉంది, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు కాస్త ఉబ్బిందని. ఆ ఒక్క ముక్కతో పని మానేశాడు. "కాళ్లు పడిపోతాయా సార్?" అని ఏడుపు. 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవాళ్లలోనే 30 శాతం మందికి బల్జ్ ఉంటుంది. ఎనభై ఏళ్లకి అది 84 శాతం. జుట్టు నెరిసినట్టే అదీనూ. ఇలాంటి నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. మరి కూలి పోగొట్టుకున్న రోజుల్ని ఏ బిల్లులో వేద్దాం, చెప్పండి?

టైమైందంటున్నారు, కొరియా సంగతి చెప్పి ఆపేస్తా. దక్షిణ కొరియాలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కూడా మెడ అల్ట్రాసౌండ్ విపరీతంగా చేశారు. 1993తో పోలిస్తే 2011కి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లయ్యాయి. చావులు మాత్రం అలాగే ఉన్నాయి, అంటే కొత్తగా దొరికినవాటిలో చాలావాటితో ప్రాణాపాయమే లేదన్నమాట. అయినా భయపడి థైరాయిడ్ గ్రంథి తీయించుకున్న వేలమంది జీవితాంతం మాత్రలు మింగాల్సిందే. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదుగా, నష్టమేముంది అంటారే, ఇదుగో నష్టం!

డాక్టర్లూ, మీకో దండం. పేషెంటుని స్కాన్‌కి పంపుతూ రాసే చీటీలో 'హిస్టరీ' అన్న గీత, అదే పేషెంటు బాధేమిటో రాసే చోటు, ఖాళీగా పంపకండి. 'పెయిన్' అని ఒక్క మాట గీకి పంపినా, స్కాన్ చూసి రిపోర్టు రాసే మాకు ఖాళీ కిందే లెక్క. దేన్ని అనుమానిస్తున్నారో, అది తేలితే వైద్యం ఏం మారుతుందో రాయండి. రాయడానికేమీ లేకపోతే ఆ స్కాన్ ఎందుకు? కమిషన్ల ఊసెత్తొద్దని నిర్వాహకులు ముందే చెప్పారు. ఎత్తను.

పిల్లలూ, రేపు మిషన్ దగ్గర ఉండేది మీరే. గీత ఖాళీగా కనిపిస్తే పంపిన డాక్టరుకి ఫోన్ చేయండి. విసుక్కుంటారు. అయినా చేయండి. మరీ కోప్పడితే నా పేరు చెప్పండి.