బీపీ మాత్ర ఎందుకు మానేశారని ఇంటికెళ్లి అడిగేవాళ్లు

నమస్కారం. బీపీ, షుగర్ అనగానే మనం డాక్టరు, టెస్టులు, మందుల గురించే మాట్లాడుకుంటాం. అసలు చిక్కంతా మందుల చీటీతో ఇంటికొచ్చాక మొదలవుతుంది. నెలరోజులు మాత్ర వేసుకుంటారు. తలనొప్పి లేదు, కళ్లు తిరగట్లేదు, "బాగానే ఉన్నాగా" అని మానేస్తారు. బీపీ పెరిగినా చాలామందికి ఏమీ అనిపించదు మరి. ధనిక దేశాల్లో కూడా దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లలో మందులు సరిగ్గా వాడేది సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది.

ఇక్కడే ఊళ్లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త అవసరం. తెలిసిన మనిషి కాబట్టి ఇంట్లో కూర్చోనిస్తారు, ఉన్నది ఉన్నట్టు చెబుతారు. "మాత్రలు వేసుకుంటున్నారా?" అంటే ఎవరైనా అవుననే అంటారు. "ఏదీ, ఆ షీటు ఓసారి చూపించండి" అంటే సంగతి బయటపడుతుంది. డబ్బుల్లేక ఆపారా, పడక ఆపారా, ఇంకెవరో వద్దన్నారా? ఒక్కో కారణానికి ఒక్కో మందు!

బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల్లో బీపీ ఉన్న 2,645 మందితో రెండేళ్ల పరిశోధన చేసి, 2020లో ఫలితాలు చెప్పారు. కొన్ని ఊళ్లలో కార్యకర్తలు ఇళ్లకెళ్లి బీపీ చూశారు, తిండి గురించీ మందుల గురించీ మాట్లాడారు, అదుపులో లేనివాళ్లను డాక్టరు దగ్గరికి పంపారు. మామూలు వైద్యం అందిన ఊళ్లతో పోలిస్తే అక్కడ పై బీపీ సగటున 5 పాయింట్లు ఎక్కువ తగ్గింది. ఐదేనా అనకండి. మందులతో ఆ ఐదు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటి ముప్పు దాదాపు 10 శాతం తగ్గుతుందని 2021లో వచ్చిన పెద్ద విశ్లేషణ ఒకటి తేల్చింది.

జబ్బు రాకముందు కూడా వీళ్లు పనికొస్తారు. వయసు, బరువు, బీపీ, పొగతాగే అలవాటు లాంటివి చూసి, రక్తపరీక్ష లేకుండానే గుండెజబ్బు ముప్పు ఎవరికుందో లెక్కగట్టడం నేర్పితే, నాలుగు దేశాల్లో కార్యకర్తల లెక్క నిపుణుల లెక్కతో దాదాపు 97 శాతం కలిసింది. అది 2015 నాటి మాట.

అలాగని మొత్తం భారం వీళ్ల మీద వేస్తే కుదరదు. ఎంతో నచ్చజెప్పి ఒకర్ని ఆసుపత్రికి పంపితే, అక్కడ "మందులు అయిపోయాయి, వచ్చేవారం రండి" అన్నారనుకోండి. ఇంకోసారి ఆ కార్యకర్త మాట ఎవరు వింటారు?

జీతం సంగతీ అంతే. పనికి తగ్గ జీతమివ్వండి, దాన్ని పూర్తిగా టార్గెట్లకు ముడిపెట్టకండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. నాకైతే ఇదే అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. ఇన్ని ఇళ్లు తిరిగితేనే ఇంత అంటే, ఒక ఇంట్లో అరగంట కూర్చుని మందు ఎందుకు మానేశారో వినే తీరిక ఎవరికుంటుంది?