స్క్వాడ్‌లో చివరి పేరు ఎవరిది?

[మొదటి షాట్: టచ్‌లైన్ పక్కన సబ్‌స్టిట్యూషన్ బోర్డు వెలుగుతుంది. వెనక స్టేడియం హోరు.]

2014 ఫుట్‌బాల్ వరల్డ్ కప్, బ్రెజిల్‌లోని సాల్వడార్‌లో క్వార్టర్ ఫైనల్. నెదర్లాండ్స్, కోస్టారికా 120 నిమిషాలు ఆడినా ఒక్క గోల్ పడలేదు. ఇక పెనాల్టీలే. సరిగ్గా అప్పుడు నెదర్లాండ్స్ కోచ్ లూయిస్ వాన్ గాల్ దాచిపెట్టుకున్న చివరి సబ్‌స్టిట్యూషన్ (ఆటగాణ్ణి మార్చే అవకాశం) బయటికి తీశాడు. ఎవరిని దించాడో తెలుసా? ఇంకో గోల్‌కీపర్‌ని! పేరు టిమ్ క్రూల్. అప్పటిదాకా గోల్‌లో ఉన్న సిలెసెన్‌కి ఈ ప్లాన్ ముందు చెప్పనే లేదు. పాపం, బయటికొస్తూ ఒక సీసాని తన్నాడు. క్రూల్ మాత్రం ఐదు కిక్కులకీ సరైన వైపే దూకి, రెండు ఆపేశాడు.

స్క్వాడ్, అంటే టోర్నీకి ఎంపికైన ఆటగాళ్ల లిస్టు, ప్రకటించగానే మనం స్టార్ల పేర్లు వెతుకుతాం. నేనైతే చివరి ఐదారు పేర్లు చూస్తాను. మొదటి పదిహేను మందిని ఏ అభిమానైనా చెప్పేస్తాడు. కోచ్‌కి దేనికి టెన్షనో తెలిసేది ఆ చివరి పేర్ల దగ్గరే.

[స్క్రీన్ మీద: 22 → 23 → 26]

1998 దాకా వరల్డ్ కప్ స్క్వాడ్ అంటే 22 మంది. 2002 నుంచి 23. ఖతార్‌లో 2022 టోర్నీ క్లబ్ సీజన్ మధ్యలో వచ్చింది, పైగా కోవిడ్ ప్రభావం ఇంకా ఉంది. అందుకే 26 దాకా తీసుకోనిచ్చారు. స్క్వాడ్‌లో కనీసం ముగ్గురు గోల్‌కీపర్లు తప్పనిసరి.

ఈ ముగ్గురి రూల్‌తో ఉత్తర కొరియా ఓ తెలివి ప్రయోగించింది. 2010లో కిమ్ మ్యోంగ్ వోన్ అనే స్ట్రైకర్‌ని (ముందుండి గోల్స్ కొట్టే ఆటగాణ్ణి) మూడో గోల్‌కీపర్‌గా రాసి పంపింది. ఒక అటాకర్ ఎక్కువ దొరుకుతాడు కదా! ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఏమంది? గోల్‌కీపర్‌గా రాశారు కాబట్టి గోల్‌లోనే నిలబడాలి, ముందుకెళ్లి ఆడటం కుదరదు అంది. అంతే, ఆ టోర్నీలో అతను ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అతితెలివికి ఒక చోటు బలి.

మరి లిస్టు ఇచ్చేశాక ఎవరికైనా దెబ్బ తగిలితే? తీవ్రమైన గాయమైతే, తొలి మ్యాచ్‌కి 24 గంటల ముందు వరకు వేరేవాళ్లని తీసుకోవచ్చు. 2022లో ఫ్రాన్స్‌కి ఇదే జరిగింది. ట్రైనింగ్‌లో ఎన్‌కుంకు గాయపడ్డాడు, మొదటి లిస్టులో లేని కోలో మువానీకి పిలుపొచ్చింది. మొరాకోతో సెమీఫైనల్లో అతను బెంచ్ మీంచి లేచొచ్చి నిమిషం తిరక్కముందే గోల్ కొట్టాడు. కానీ బెంజెమా గాయంతో వెళ్లిపోయినప్పుడు కోచ్ దెషాం ఆ చోటు ఖాళీగానే వదిలేశాడు. ఉన్నవాళ్లతోనే ఫైనల్ దాకా వెళ్లాడు.

[షాట్: ఖాళీ డగౌట్]

ప్లేయర్లకైతే ఇన్ని రూల్స్. కోచ్ ఉద్యోగానికి అంత భద్రత లేదు. 2018లో స్పెయిన్ కోచ్ లోపెతెగీ రియల్ మాడ్రిడ్ క్లబ్‌కి కోచ్‌గా వెళ్తున్నాడన్న ప్రకటన రాగానే, తొలి మ్యాచ్‌కి రెండు రోజుల ముందు స్పెయిన్ అతన్ని తీసేసింది. హడావిడిగా ఫెర్నాండో హియెరోని కూర్చోబెట్టారు. తనది కాని స్క్వాడ్‌తో ప్రీక్వార్టర్స్ దాకా వచ్చి, రష్యా చేతిలో పెనాల్టీల్లో ఓడాడు.

మళ్లీ వాన్ గాల్ దగ్గరికి వద్దాం. అర్జెంటీనాతో సెమీస్ కూడా పెనాల్టీలకే వెళ్లింది. కానీ అప్పట్లో మ్యాచ్‌కి ఉన్న మూడు సబ్‌స్టిట్యూషన్లూ అప్పటికే అయిపోయాయి. క్రూల్ బెంచ్ మీదే ఉండిపోయాడు, నెదర్లాండ్స్ ఓడింది.

మిగిలింది మూడో స్థానం మ్యాచ్. బ్రెజిల్ మీద 3-0తో గెలుస్తుండగా, ఇంజురీ టైమ్‌లో వాన్ గాల్ మూడో గోల్‌కీపర్ మిషెల్ వోర్మ్‌ని దించాడు. దాంతో ఆ స్క్వాడ్‌లోని 23 మందీ మైదానంలో అడుగుపెట్టినట్టయింది. వరల్డ్ కప్‌లో అంతకుముందు ఏ జట్టూ 23 మందినీ ఆడించలేదు.