మొక్కగా ఉన్న ఆ నలభై రోజులు

అందరికీ నమస్కారమండీ. ఈరోజు మన సామెతల గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా పని మొదలుపెట్టడం గురించి పెద్దవాళ్లు అన్న మాటలు. కెప్టెన్ కార్ అనే ఇంగ్లీషాయన 1868లోనే తెలుగు సామెతలు పోగుచేసి మద్రాసులో అచ్చు వేయించాడు. అప్పటికే అవి ఎన్ని తరాల నోళ్లలో నానాయో! ఇవాళ్టికీ గుంటూరు మిర్చి యార్డులో కాసేపు నిలబడితే ఒకటో రెండో చెవిన పడతాయి.

"మొక్కై వంగనిది మానై వంగునా?" ఈ మాట మనం ఎప్పుడు అంటాం? పిల్లాడు చెయ్యి దాటిపోయాక, వాణ్ణి తిట్టడానికి. నాకైతే అది పెంచినవాళ్లని అడిగే ప్రశ్నలా వినిపిస్తుంది. మొక్కగా ఉన్నప్పుడు మీరేం చేశారు అని.

దీని విలువ తెలియాలంటే జులై, ఆగస్టుల్లో మన గుంటూరు పల్లెల్లో మిర్చి నారుమడి చూడాలండీ. మడిని నేలకంటే 15 సెంటీమీటర్లు ఎత్తుగా కడతారు, వాన నీళ్లు నిలవకూడదని. నీళ్లు నిలిచాయా, నారుకుళ్లు వస్తుంది. నిన్న పచ్చగా నిలబడ్డ మొక్క ఇవాళ మొదట్లో మెత్తబడి, నేలకి ఒరిగిపోయి ఉంటుంది. పైన ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది పాపం! అందుకే ముందే విత్తనశుద్ధి చేస్తారు. తెల్లదోమ వస్తే బొబ్బర తెగులు అనే వైరస్ జబ్బు అంటుకుంటుందని పైన నైలాన్ వల కడతారు. ఇదంతా ఆరు వారాల, అంటే సుమారు నలభై రోజుల పని. ఆ ఆరు వారాల్లో వైరస్ అంటిన మొక్కని పొలంలో నాటాక ఎన్ని మందులు కొట్టినా బాగుచేయలేం.

"నారు పోసినవాడు నీరు పోయడా" అని రైతు కూడా అంటాడు, దేవుణ్ణి తలుచుకుని. అంటూనే పొద్దున్నే నీళ్లు చల్లే రోజ్ క్యాన్ పట్టుకుని మడి దగ్గరికి వెళ్తాడు. ఆ నమ్మకం, ఈ కష్టం రెండూ కలిసి ఉండటం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

"నిదానమే ప్రధానం" అంటారు, మళ్లీ "ఆలస్యం అమృతం విషం" అంటారు, ఏది నిజం అని చాలామంది అడుగుతారు. నారుమడిలో రెండూ నిజమే. లేత నారుని తొందరపడి పీకకూడదు. ముదరబెట్టినా పొలంలో సరిగ్గా కోలుకోదు. ఏ మాట ఏ వారానికి పనికొస్తుందో తెలిసినవాడే రైతు.

మనమేమో ఆరంభం అంటే ముహూర్తం ఒక్కటే అనుకుంటున్నాం. దసరాకి మూలా నక్షత్రం రోజున బెజవాడ ఇంద్రకీలాద్రి మీద అమ్మవారు సరస్వతీ దేవిగా దర్శనమిస్తారు. చదువుకునే పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు గంటల తరబడి క్యూలో నిలబడతారు. ఆ భక్తికి చేతులెత్తి దణ్ణం పెడతాను. నా బాధల్లా మర్నాటి గురించే. పలక అటక ఎక్కుతుంది, పిల్లాడి చేతికి ఫోన్ వస్తుంది. మనకేమో ఆఫీసు టెన్షన్.

ఈ దసరాకి మీ ఇంట్లో అక్షరాభ్యాసం ఉంటే ఒక్క పని చేయండి. మర్నాటి నుంచి రోజూ ఒక పావుగంట పిల్లాడి పక్కన కూర్చుని, మీ చేత్తో వాడి చెయ్యి పట్టుకుని దిద్దించండి. దాన్ని ట్యూషన్‌కి వదిలేయకండి. కనీసం ఆ మొదటి నలభై రోజులు.