చెయ్యి అందని చోట రిపేరు

(ఆగస్టు 23న, అంతరిక్ష దినోత్సవం సందర్భంగా, నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర ఒక హైస్కూల్లో మాట్లాడిన మాటలు. మాట్లాడినట్టే రాశాను, దగ్గులు మాత్రం తీసేశాను.)

అందరికీ నమస్కారం. పిల్లలకి, టీచర్లకి, వెనక అరుగు మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటున్న మా రొయ్యల గుంటల వాళ్ళకి కూడా.

హెడ్మాస్టరు గారు ఫోన్ చేసి "స్పేస్ డేకి వచ్చి మాట్లాడాలి" అన్నప్పుడు రాంగ్ నంబరేమో అనుకున్నా. నేను సైంటిస్టుని కాదు. మోటార్లకి వైండింగ్ చేసే మనిషిని. ఈ చుట్టుపక్కల గుంటల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లలో సగం నా చేతిమీదుగా పోయినవే, కాలిపోయిన కాపర్ వాసన చూసి అది సింగిల్ ఫేజింగో, అంటే ఒక ఫేజు పోయిందో, బేరింగ్ పట్టేసిందో చెప్పగలను, అంతకు మించి చదువు లేదు. కాకపోతే ఈ గ్రహాల దగ్గరికి పోయే యంత్రాలంటే నాకు పిచ్చి. రాత్రి షాపు కట్టేశాక చదివేది ఇవే. మా ఆవిడ "ఆ పైన తిరిగే వాటికి వైండింగ్ ఎవరు చేస్తారు, నువ్వేనా" అంటుంది. ఆ మాట మీదే ఇవాళ మాట్లాడదామని వచ్చా.

మనకి రాకెట్ అంటే కొత్త కాదు గదా. ప్రయోగం అనగానే మిద్దె ఎక్కుతాం, దక్షిణం వైపు చూస్తాం, నిప్పు కనపడగానే "అదిగో అదిగో" అని కేకలేస్తాం, వీడియో తీస్తాం, అందులో ఒక చుక్క తప్ప ఏమీ పడదు, కిందికి దిగి టీ తాగుతాం. ఆ రోజు వేటకి పోవద్దని బోట్ల వాళ్ళకి ముందే చెబుతారు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయింది, అయినా అక్కడి ప్రయోగ కేంద్రాన్ని మన నోరు ఇంకా "మన షార్" అనే అంటుంది. ఆ దీవిలో అంతకు ముందు ఉన్న యానాది కుటుంబాలు ఊళ్ళు ఖాళీ చేస్తేనే అక్కడ ప్రయోగ కేంద్రం వచ్చింది, ఆ సంగతి ఏ ఫ్లెక్సీ మీదా రాయరు కాబట్టి ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకి పోతున్నా.

2019 జులై 15 మీలో పెద్ద పిల్లలకి గుర్తుండొచ్చు. చంద్రయాన్-2 తెల్లవారుజామున 2:51కి ఎగరాలి. మా మిద్దె మీద చాపలు, దిండ్లు, ఫ్లాస్కులో టీ, అంతా పెళ్ళి విడిదిలా ఉంది. ఇంకా 56 నిమిషాలు ఉందనగా ఆపేశారు. సాంకేతిక ఇబ్బంది అన్నారు. మిద్దె మీద జనం ఒకటే సణుగుడు, నిద్ర పాడైందని. నాకు మాత్రం ఎక్కడలేని సంతోషం. ఎందుకో చెప్తా. గుంట దగ్గర మోటారు గుర్రుమంటూ ఉంటుంది, నేను ఆపమంటాను, ఓనరు "ఈ ఒక్క రాత్రికి తిరగనీ అన్నా, పొద్దున చూద్దాం" అంటాడు. పొద్దునకి చూడటానికి బూడిద మిగులుతుంది. అంత మంది చూస్తుండగా, అంత డబ్బు పెట్టి, "లేదు, ఇవాళ వద్దు" అనగలగడం ఎంత కష్టమో రిపేరు చేసేవాడికి తెలుసు. వారానికి, 22న, అదే రాకెట్ బ్రహ్మాండంగా పోయింది.

పోయింది గానీ సెప్టెంబర్ 7న ల్యాండర్ చంద్రుడి మీద పడి పగిలిపోయింది, అదీ మీకు తెలుసు. తర్వాత 2023 ఆగస్టు 23, సాయంత్రం 6:04. ఆ రోజు నా షాపు ముందు ఫోన్ నిలబెడితే పదిహేను మంది మూగారు. ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. చంద్రయాన్-3 ల్యాండరు విక్రమ్ దిగింది అనగానే ఎవరో లడ్డూలు పంచారు, ఎవరు కొన్నారో ఇప్పటికీ తెలీదు.

ఆ రోజు అందరూ దిగడం చూశారు, నేను మాత్రం మధ్యలో నాలుగేళ్ళు వీళ్ళు ఏం చేశారా అని వెతుక్కుంటూ కూర్చున్నా. మొదటిసారి ఐదు ఇంజిన్లు ఉంటే రెండోసారి మధ్యలో ఉన్నది తీసేసి నాలుగే ఉంచారు. కాళ్ళు గట్టి చేశారు, సెకనుకి 3 మీటర్ల వేగంతో తగిలినా తట్టుకునేట్టు. ఇంధనం పెంచారు. దిగాల్సిన చోటు ముందు 500 మీటర్లకి 500 మీటర్లు అనుకున్నది, ఇప్పుడు 4 కిలోమీటర్లకి 2.4 కిలోమీటర్లు చేశారు, అంటే "ఇక్కడే దిగు" అనకుండా "ఈ పొలంలో ఎక్కడన్నా దిగు నాయనా" అన్నట్టు. కాలిపోయిన మోటారుకి ఊరికే కొత్త చుట్టు చుట్టి ఇస్తే నెలకి మళ్ళీ కాలుతుంది. ఎందుకు కాలిందో విప్పి చూడాలి. చంద్రయాన్-3 నా లెక్కలో అట్లా విప్పి చూసిన రిపేరు.

అయితే చంద్రుడు మనకి పక్కిల్లు. మాట పోవడానికి ఒకటిన్నర సెకను కూడా పట్టదు. అసలు కష్టం దూరం పోయే వాటిది.

రాత్రి రెండింటికి గుంట మీద కాపలా ఉండే కుర్రాడు ఫోన్ చేస్తాడు, "అన్నా, ఏరేటరు తిరగట్లేదు." నేను మంచం మీద నుంచే చెప్తా, ముందు మెయిన్ ఆపు, స్టార్టర్ దగ్గరికి పో, ఇప్పుడు ఏం కనపడుతోంది, వాసన వస్తుందా, చేత్తో తిప్పితే ఫ్యాను తిరుగుతుందా. పది నిమిషాల్లో తేలిపోతుంది. ఇప్పుడు ఒకటి ఊహించండి. ఆ కుర్రాడు లేడు. మోటారు ఒక్కటే ఉంది. అది గురు గ్రహం దగ్గరుంది. నా మాట దానికి చేరడానికి ముప్పావు గంట అటూ ఇటూగా పడుతుంది, జవాబు రావడానికి ఇంకో ముప్పావు గంట. స్క్రూడ్రైవర్ పట్టుకునే చెయ్యి ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. చెయ్యండి చూద్దాం.

చేశారు. గెలీలియో అని ఒకటుంది, 1989లో అమెరికా వాళ్ళు గురు గ్రహానికి పంపారు. దానికి పెద్ద యాంటెన్నా, మడత గొడుగు లాంటిది, దారిలో తెరుచుకోవాలి. 1991 ఏప్రిల్లో తెరవమంటే సగం తెరుచుకుని ఇరుక్కుంది. మన గొడుగయితే రెండుసార్లు విదిలిస్తాం. వాళ్ళూ అదే చేశారు పాపం! ఎండ వైపు తిప్పి వేడి చేశారు, నీడకి తిప్పి చల్లార్చారు, దాని మోటార్లని వేలసార్లు తిప్పి తిప్పి ఆపారు. రాలేదు. కారణం ఏమై ఉంటుందంటే, ప్రయోగం ఆలస్యమై ఆ యంత్రం ఏళ్ళ తరబడి భూమ్మీదే ఉండిపోయింది, లారీల మీద అమెరికా ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగింది, ఆ కుదుపులకి గొడుగు ఊచల దగ్గర వేసిన పొడి లూబ్రికెంట్ అరిగిపోయిందని అంచనా. చదవగానే నవ్వొచ్చింది నాకు. ఏళ్ళు వాడకుండా మూల పడేసిన పంపుసెట్టు తెచ్చి "నిన్నటిదాకా బాగానే ఉంది" అనే రైతు గుర్తొచ్చాడు.

సరే, పెద్ద యాంటెన్నా పోయింది. పక్కన చిన్నది ఒకటి ఉంది. పెద్దది సెకనుకి 1,34,000 బిట్ల సమాచారం పంపాల్సింది, చిన్నది మామూలుగా పంపగలిగేది పది పదిహేను. లక్షల లీటర్ల పైపు పోయి గ్లూకోజు బాటిల్ మిగిలినట్టు. అక్కడ వదిలెయ్యలేదు వాళ్ళు. ఎగురుతున్న దాని కంప్యూటర్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ పంపి ఫోటోలని కుదించడం నేర్పారు, ఇక్కడ భూమ్మీద డిష్‌లు కలిపి వినికిడి పెంచారు. ఆ చుక్కా చుక్కా వచ్చిన సమాచారంలోనే యూరోపా అనే ఉపగ్రహం మీద, గడ్డకట్టిన మంచు పొర కింద ఉప్పు సముద్రం ఉందనడానికి బలమైన ఆధారం దొరికింది. అందులో నీళ్ళు మన సముద్రాలన్నీ కలిపినా వాటికంటే ఎక్కువ ఉంటాయని లెక్క. దాన్ని చూడటానికే 2024 అక్టోబర్ 14న యూరోపా క్లిప్పర్ బయల్దేరింది, 2030 ఏప్రిల్‌కి చేరాలి. ఇరుక్కుపోయిన గొడుగుతో పని చేయించుకోకపోతే ఇవాళ ఈ ప్రయాణం ఉండేది కాదేమో.

గురు గ్రహం చందమామల దగ్గరికే యూరప్ వాళ్ళు 2023 ఏప్రిల్లో జ్యూస్ అనేది పంపారు. పేరు అదే, నవ్వకండి. దానికీ 16 మీటర్ల యాంటెన్నా ఒకటి ఇరుక్కుంది, చిన్న పిన్ను అడ్డం పడి ఉంటుందని అన్నారు. ఈసారి కుదిపారు, ఎండకి పెట్టారు, చివరికి అక్కడే ఉన్న వేరే పరికరాన్ని పేల్చినట్టు విడుదల చేసి ఆ అదురుకి పిన్ను జారేట్టు చేశారు. సుత్తితో పక్కన ఒక దెబ్బ వేస్తే బేరింగు వదలడం మేం రోజూ చూసేదే. 2031 జులైకి చేరాలి అది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కథ. వాయేజర్ 2, అదీ అమెరికా వాళ్ళు గ్రహాల దగ్గరికి పంపిందే, 1977 ఆగస్టు 20న బయల్దేరింది. నేనప్పటికి చెడ్డీలేసుకుని తిరుగుతున్నా. ఏడాది తిరగకుండానే, 1978 ఏప్రిల్లో, మన మాట వినే దాని రిసీవరు పాడైపోయింది. స్పేర్ రిసీవరుకి మారితే అందులో కెపాసిటరు పోయి ఉంది. కెపాసిటరండీ! మా షాపులో డబ్బాలో పడి ఉంటాయి అవి, పిడికెడు. అక్కడ పోతే ఏమైందంటే, మనం పంపే సిగ్నల్ కొంచెం అటూ ఇటూ జరిగినా దానికి వినపడదు. చెవిటి మనిషికి ఒకే ఒక్క శ్రుతిలో చెప్తే తప్ప వినపడనట్టు. పైగా దాని ఒంట్లో వేడి మారితే ఆ శ్రుతి కూడా మారిపోతుంది. అయితే ఏం చేశారు, ప్రతిసారీ అది ఇప్పుడు ఎంత వేడిగా ఉంది, ఎంత వేగంగా పోతోంది అని లెక్కగట్టి, సరిగ్గా ఆ శ్రుతిలోనే మాట్లాడారు. ఆ చెవిటి యంత్రమే శని దగ్గరికి, 1986లో యురేనస్ దగ్గరికి, 1989లో నెప్ట్యూన్ దగ్గరికి పోయింది. ఆ చివరి రెండింటి దగ్గరికి ఇప్పటిదాకా పోయింది అదొక్కటే. నెప్ట్యూన్ చందమామ ట్రైటన్ మీద, సున్నాకి రెండు వందల ముప్ఫై డిగ్రీలకి పైగా కిందికి పోయిన చలిలో, నేలలో నుంచి నల్లటి పొగలాంటిది చిమ్మడం ఫోటో తీసింది. 2023 జులైలో పొరపాటున ఒక ఆదేశం పోయి దాని యాంటెన్నా రెండు డిగ్రీలు పక్కకి తిరిగింది, మాట తెగిపోయింది. ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా డిష్ నుంచి గట్టిగా ఒక కేక వేసినట్టు సిగ్నల్ పంపి, 37 గంటలు కాచుకుని కూర్చున్నారు. జవాబొచ్చింది. అంతే, అన్నం తిన్నాం అని చెప్పినంత మామూలుగా వచ్చింది.

వాయేజర్ 1 ఇంకా దూరం, 2,400 కోట్ల కిలోమీటర్లు దాటింది. దాని ట్రాన్స్‌మిటర్ పవరు 23 వాట్లు. మీ క్లాసులో పాత ట్యూబ్‌లైటుకి దానికంటే ఎక్కువ కరెంటు కావాలి. మెమరీ అంతా కలిపి 69 కిలోబైట్లు, మీ గ్రూపుల్లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో ఒక్కటి కూడా పట్టదు అందులో. 2023 నవంబర్లో అది పిచ్చి పిచ్చిగా మాట్లాడటం మొదలుపెట్టింది, సిగ్నల్ వస్తుంది గానీ అర్థం లేదు. నెలల తరబడి పాత కాగితాలు తిరగేసి, ఒక చిప్పు పాడైందని తేల్చారు. చిప్పు మార్చేదెవరు? అందుకని ఆ చిప్పులో ఉన్న ప్రోగ్రామును ముక్కలు చేసి, మిగతా మెమరీలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ సర్ది, ఆ ముక్కలకి ఒకదాని అడ్రసు ఒకదానికి చెప్పి పంపారు. ఇల్లు కూలితే పిల్లల్ని తలా ఒకరింట్లో పడుకోబెట్టినట్టు. అప్పటికి మాట పోవడానికి 22 గంటలన్నర, రావడానికి అంతే. 2024 ఏప్రిల్ 20న అది మళ్ళీ తెలివిగా మాట్లాడింది. నేనప్పుడు ఒక స్టేటర్ విప్పుతూ ఆ వార్త చదివి, నిజంగా, పని ఆపి బయటికొచ్చి నిలబడ్డా.

అన్నట్టు ఆ బండ్లు రెండింటిలోనూ బంగారు పూత డిస్కు ఉంది, 55 భాషల్లో పలకరింపులతో. అందులో తెలుగూ ఉంది. నమస్తే చెప్పి శుభాకాంక్షలు అని, అంతే, చిన్న ముక్క. మన భాష అంత దూరం పోయింది ఇంకెక్కడికీ లేదు.

అన్నిసార్లూ రిపేరు కుదరదు, అదీ చెప్పాలి. 2005 జనవరి 14న హైగెన్స్ అనే చిన్న యంత్రం శని చందమామ టైటాన్ మీద దిగింది, అక్కడ మీథేన్ వాన పడుతుంది, గులకరాళ్ళన్నీ మంచుగడ్డలే. దాని మాట వినాల్సిన, శని చుట్టూ తిరిగే కాసిని అనే పెద్ద యంత్రంలో రెండు రిసీవర్లుంటే ఒకటి ఆన్ చెయ్యమని చెప్పడం మర్చిపోయారు. 700 ఫోటోల్లో సగం గాల్లో కలిసిపోయాయి. స్విచ్చి వెయ్యడం మర్చిపోవడం మన గుంటల వాళ్ళకి మాత్రమే చేతనైన విద్య అనుకున్నా అప్పటిదాకా.

వెనక నుంచి మామ ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తుతున్నాడు, ఏమడుగుతాడో నాకు తెలుసు, ప్రతిసారీ అదే. "ఆరొందల కోట్లు చంద్రుడి మీద పోసే బదులు మన కాలవ పూడిక తియ్యొచ్చు గదా?" మామా, తియ్యొచ్చు, తియ్యాలి కూడా. కానీ మన కాలవ పూడిపోవడానికి చంద్రుడు కారణం కాదు గదా. చంద్రయాన్ లేనప్పుడు కూడా అది పూడే ఉంది.

పిల్లలకి ఒక్కటి చెప్తా. 2026 నవంబర్లో వాయేజర్ 1 మనకి సరిగ్గా ఒక కాంతి రోజు దూరానికి, వెలుగు ఒక రోజంతా పోతేనే చేరే దూరానికి, చేరుతుంది. అంటే మీరు సోమవారం పొద్దున ఎనిమిదింటికి "బాగున్నావా" అంటే దానికి మంగళవారం ఎనిమిదింటికి వినపడుతుంది, జవాబు బుధవారం వస్తుంది. మధ్యలో రెండు రోజులు ఏం చేస్తారో ఆలోచించుకోండి.

ఇదిగో నా ఫోన్ మూడోసారి మోగుతోంది. గుంట దగ్గర నుంచే. దీనికి మాత్రం ఇప్పుడే జవాబు చెప్పాలి, లేకపోతే తెల్లారేసరికి రొయ్య తేలుతుంది. ఒక్క నిమిషం మాట్లాడి వస్తా, ఈలోపు ప్రశ్నలు రాసి పెట్టుకోండి. హలో... ఆఁ, చెప్పరా. వాసన వస్తుందా?