కట్ట రిజిస్టరు
(ఉదయగిరి దాపున ఒక పల్లెలో, గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగం)

సభకు అధ్యక్షత వహిస్తున్న సర్పంచి గారికి, లైబ్రేరియన్ గారికి, హెడ్మాస్టరు గారికి, నీటి సంఘం అధ్యక్షుడికి, డ్వాక్రా అక్కచెల్లెళ్లకు, ముందు వరసలో కింద కూర్చున్న పిల్లలకు, మైకు పెట్టిన అబ్బాయికి నమస్కారం. ఎవరినైనా వదిలేసుంటే టీ దగ్గర తిట్టండి.

నన్ను చదివే అలవాటు మీద మాట్లాడమన్నారు. లైబ్రేరియన్ గారు కాగితం కూడా రాసిచ్చారు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో ఎట్లా పుట్టిందో, పల్లెటూళ్లో అంత గ్రంథాలయం ఎట్లా నిలబడిందో అన్నీ ఉన్నాయి ఇందులో. అవి హెడ్మాస్టరు గారు నాకంటే బాగా చెప్తారు. నేను శ్రద్ధగా చదివిన పుస్తకం జీవితంలో ఒక్కటే, మన రిజర్వాయరు గేజి రిజిస్టరు, రోజూ నీటి మట్టం రాసే పుస్తకం. అది ఇప్పుడు లేదు. ఆఫీసులో అడిగితే పాత బిల్డింగు కూల్చినప్పుడు ఎటు పోయిందో అన్నారు. కాబట్టి ఈ పూట దాని గురించే మాట్లాడతా. సర్పంచి గారు నవ్వుతున్నారు, పదినిమిషాలే అన్నారు. చూద్దాం.

ఈ వారోత్సవాలు నవంబరు 14 నుంచి 20 దాకా. మన జిల్లాకు అసలు వానలు పడేది ఈ రోజుల్లోనే. మధ్యలో 19వ తేదీ ఉంది. 1977లో అదే తేదీన తుపాను చీరాల దగ్గర తీరం దాటి దివిసీమను ఊడ్చేసింది, పెద్దవాళ్లకు గుర్తుంటుంది. 2021లో అదే తేదీ తెల్లవారుజామున, వెలిగొండకు అవతల రాజంపేట దగ్గర, చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ముందు ఎగువన పింఛా కట్ట పోయింది, ఆ నీళ్లు వచ్చి దీని మీద పడ్డాయి. అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని పార్లమెంటులోనే చెప్పారు. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట... ఆ ఊళ్ల ఫొటోలు మీరంతా ఫోన్లలో చూసే ఉంటారు. ఆ నీళ్లే పెన్నలో కలిసి సోమశిలకు వచ్చాయి, అక్కణ్ణుంచి నెల్లూరు మీదికి వచ్చాయి. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. కొండకవతల తెగిన కట్ట మనకెందుకు అనుకోకూడదని చెప్తా ఉన్నా.

పక్క ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ చూడండి. మల్లవరం దగ్గర, 15 గేట్లు. 2008లో ప్రారంభించారు. 2022 ఆగస్టులో మూడో గేటు ఊడిపోయింది. మరుసటి ఏడు డిసెంబరులో, మిచాంగ్ తుపాను రోజుల్లో, రెండో గేటు. పంటకు దాచుకున్న నీళ్లు సముద్రంలోకి పోయాయి. అదే ఏటి మీద పైన కంభం చెరువుంది. విజయనగర రాజుల నాటిది, ఈనాటికీ నీళ్లు పడుతోంది. 2020లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడమని గుర్తింపు కూడా ఇచ్చారు. పాతవన్నీ మంచివి, కొత్తవన్నీ చెడ్డవి అని కాదు నేననేది. మట్టీ రాయీ కొంత ఓర్చుకుంటాయి. ఇనుము ఓర్చుకోదు, దానికి ఏటేటా రంగూ గ్రీజూ పడాలి. మన తూము షట్టరు స్క్రూ రాడ్డుకు గ్రీజు పూసి ఎన్నేళ్లయింది? నీటి సంఘం అధ్యక్షుడు తల వంచుకోనక్కర్లేదు, ఆయన వచ్చింది మొన్న. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడే గ్రీజు డబ్బా ఇండెంటు పెడితే, డబ్బా రాకముందే నాకు బదిలీ వచ్చింది.

సరే, రిజిస్టరు. అందులో గడులు అయిదు. తేదీ, గేజి, కలుజు మీద నీళ్లెంత, తూము ఎంత ఎత్తారు, కడపటిది ఊట. కలుజంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు. ఊట అంటే కట్ట కింద, బయటి పక్క, చెమర్చి కారే నీళ్లు. మట్టికట్టకు కాస్త ఊట ఉంటుంది, అందులో తప్పు లేదు. తేటగా ఉంటే భయం లేదు. మట్టి కలిపి వస్తే మాత్రం లోపల కట్ట కరిగి బయటికి వస్తున్నట్టు. దాన్నే మనం బుంగ అంటాం. వెలిగొండ దాటితే పోరుమామిళ్ల చెరువుంది కదా, దాని శాసనం 1369 నాటిది. చెరువుకు ఉండాల్సిన అంగాలు పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని చెప్పారు అందులో. మొదటి దోషం ఏంటో తెలుసా? కట్ట నుంచి నీళ్లు ఊరడం. ఇంకొకటి కూడా చెప్పారు, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండకూడదని. మనది రెండు మండలాల సరిహద్దులో ఉంది. ఈ మండలంలో అడిగితే ఆ మండలం అంటారు, ఆ మండలంలో అడిగితే ఈ మండలం అంటారు. రాయించిన వాళ్లు తెలివైన వాళ్లబ్బా!

తూమూ కట్టా కనిపెట్టుకొని ఉండే మన లస్కరు గురించి చెప్పాలి. పేరు చెప్పను, మనవడు ఈ సభలోనే ఉన్నాడు, సిగ్గుపడతాడు. ఆయనకు అంకెలు రాయడం వచ్చు, సంతకం వచ్చు, 'తేట' అనే ఒక్క మాట వచ్చు. రిజిస్టరు తిరగేస్తే ఊట గడిలో పై నుంచి కింద దాకా తేట, తేట, తేట. పొద్దున ఒకసారి, సందేళ ఒకసారి. తొంభైల్లో ఒక కార్తీకంలో ముసురు పట్టింది. కలుజు దాటి మూరెడు ఎత్తున నీళ్లు పోతున్నాయి. అర్ధరాత్రి దాటాక నా తలుపు కొట్టాడు. నెత్తిన గోతం, ఒక చేతిలో లాంతరు, ఒక చేతిలో టీకొట్టు గాజు గ్లాసు. గ్లాసు నిండా నీళ్లు. "ఏందిరా ఇది?" అన్నా. "కాసేపు కిటికీలో పెట్టి చూడండి సార్" అన్నాడు. పెట్టాం. అడుగున ఎర్రమట్టి పేరింది. రిజిస్టర్లో ఏం రాయాలో ఆయనకు తెలియలేదు. వచ్చిన మాట ఒక్కటే, అది రాస్తే అబద్ధం అవుతుంది. అందుకని గ్లాసు పట్టుకొచ్చాడు.

ఊరంతా లేచింది. నీళ్ల పక్క, తూముకు ఇవతల, చిన్న సుడి తిరుగుతోంది. వరిగడ్డి మోపులు, మట్టి బస్తాలు ఆ సుడిలోకి దింపాం. బయటి పక్క నేను బంకమట్టి కొట్టి మూయిద్దామన్నా. ఆయన అడ్డం నిలబడ్డాడు. "నోరు మూస్తే పక్కన ఇంకో నోరు తెరుస్తాది సార్, నీళ్లు రానీండి, మట్టిని ఆపండి" అన్నాడు. ముందు ఇసుక, దాని మీద గులకరాళ్లు, దాని మీద పెద్దరాళ్లు పరిచి, చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చాం. ఇంజనీర్లు దీన్ని ఫిల్టరు అంటారు. ఆయన ఏ పేరూ పెట్టలేదు. తూము ఎత్తి మట్టం మెల్లగా దించాం. కట్ట నిలబడింది. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు.

ఇక్కడ ఒక మాట అడుగుతా, చేతులెత్తండి. ఈ ఏడు కట్ట మీద నడిచిన వాళ్లెంతమంది? బాగుంది, చాలామందే ఉన్నారు. వాకింగు. ఇప్పుడు, కట్ట కింద, బయటి పక్క నడిచిన వాళ్లు? చూశారా! చిల్లకంపలో అడుగు పెట్టే దారే లేదు. ఆ చెట్ల వేళ్లు కుళ్లితే లోపల గొట్టాలు పడతాయి. ఎలుకలు, ఎండ్రకాయలు తవ్వినవి వేరే. అట్లాగని రేపే జేసీబీ పెట్టి పెద్ద మొద్దులు పీకించకండి, నిండు చెరువప్పుడు అది ఇంకా ప్రమాదం. ఇప్పుడు పైపైన కంప కొట్టండి, ఊట కనపడాలి. మొద్దులు ఎండాకాలంలో తీసి, గుంతల్లో మంచి మట్టి పోసి, పొర పొరకూ దిమ్మిసా కొట్టాలి.

దీనికి చట్టం లేదా అని ఎవరో అడుగుతున్నారు. ఉంది. 2021 డ్యాం భద్రతా చట్టం. 15 మీటర్లకు మించిన డ్యాములకు, షరతుల మీద 10 నుంచి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది. వానాకాలానికి ముందొకసారి, తర్వాత ఒకసారి తనిఖీ చేయాలంటుంది. మంచి చట్టమే. మన కట్ట 30 అడుగులు కూడా లేదు, అంటే 10 మీటర్ల లోపే. దాని కంటికి మనం ఆనం. కట్ట కింద ఉన్న ఎస్సీ కాలనీ వాళ్లకు మాత్రం 30 అడుగుల నీళ్లయినా నీళ్లే.

ఇప్పుడు చెప్పేది కొంతమందికి కోపం తెప్పిస్తుంది. తెప్పించనీండి. కలుజు మీద ఇసుక బస్తాలు ఎవరు పెట్టారు? ఎడగారుకు, అంటే రెండో పంటకు, ఒక తడి ఎక్కువ వస్తుందని. నాకూ ఆయకట్టు కింద పొలం ఉంది, ఆ ఆశ తెలుసు. కానీ కలుజుకూ కట్ట తలకూ మధ్య ఎత్తు వదిలింది వరద కోసం, అలల కోసం. మీరు రెండడుగులు తినేస్తే వరద కట్ట మీద నుంచి పొర్లుతుంది. మట్టికట్ట మీద నీళ్లు పొర్లాయంటే ఇక ఆగేది లేదు, కోసుకుంటూ పోతుంది. కలుజు కింద వాగును కూడా ఆక్రమించి పంచుకున్నారు, అందులో నిమ్మతోట కూడా వేశారు. ఆ తోట ఎవరిదో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. బస్తాలు మాత్రం ఈ సాయంత్రమే తీయాలి. బంగాళాఖాతంలో ఏదో ఒకటి తయారయ్యేదాకా కూర్చోవద్దు.

సర్పంచి గారు గడియారం చూపిస్తున్నారు. అయిపోయింది. ఇదిగో, లాంగ్ నోట్‌బుక్ కొనుక్కొచ్చా. గడులు గీశా. తేదీ, గేజి, కలుజు, తూము, ఊట. రాత్రికి ఇద్దరు, పొద్దున ఒకరు. టార్చి, గాజు గ్లాసు, ఎర్రగా వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబర్లు అట్ట లోపల రాశా. ఇది ఈ గ్రంథాలయంలోనే ఉంటుంది, తాళం వేసిన బీరువాలో కాదు, పేపర్లు చదివే బల్ల మీద. ఈ రాత్రికి నేను, లస్కరు మనవడు పోతున్నాం, వాడు ఒప్పుకున్నాడు. రేపు రాత్రికి ఇద్దరు కావాలి. పేర్లు చెప్పండి, రాసుకొని మైకు హెడ్మాస్టరు గారికి ఇచ్చేస్తా.