పెయింటింగ్ ప్యాకింగ్ కిట్ రివ్యూ: ఐదు పెట్టెలకు రెండే గ్లాసిన్ షీట్లా?

అందరికీ నమస్తే, అనంతపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ కిట్ కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఇది చెప్పు, అది చెప్పొద్దు అని కూడా అనలేదు. సైజులు, రేటు మీరు ఈపాటికి చూసే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను, నాకు బాగా నచ్చిన ఒక్క వస్తువు దగ్గరికే నేరుగా వెళ్తాను.

ఇదిగో, గ్లాసిన్ పేపర్. దగ్గరగా చూపిస్తున్నాను చూడండి, అవతల నా వేళ్లు మసగ్గా కనిపిస్తున్నాయి. పాత పెళ్లి ఆల్బమ్‌లలో పేజీకీ పేజీకీ మధ్య గరగరమనే పల్చటి కాగితం ఉండేది కదా, ఆ జాతిదే. నున్నగా ఉంటుంది, జిడ్డు తొందరగా పీల్చదు, ఆరిన రంగును పట్టుకోదు.

దీని గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. రెండేళ్ల కింద మే నెలలో లేపాక్షి బసవన్న బొమ్మ ఒకటి, రెండడుగుల కాన్వాస్ మీద అక్రిలిక్ రంగులతో వేసింది, హైదరాబాద్‌కు పంపాను. ఆరిపోయింది కదా అని బబుల్ ర్యాప్ నేరుగా రంగు మీదే చుట్టేశాను, అదీ బుడగలు లోపలికి పెట్టి. అక్రిలిక్ ఆరాక కూడా ప్లాస్టిక్ లాంటిదేనండి, వేడికి మెత్తబడుతుంది. మన ఎండల్లో పార్సిల్ బండి లోపల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కొన్న మేడమ్ వాట్సాప్‌లో ఫోటో పెట్టారు. బసవన్న మూపురం మీద, మెడలో గంటల మీద ఆటలమ్మ పోసినట్టు వరసగా గుండ్రటి మచ్చలు. ఫ్రేమ్‌కు మాత్రం గీత కూడా పడలేదు. డబ్బులు వెనక్కి ఇచ్చేశాను గానీ గంటల మీదే పది రోజులు కూర్చుని వేసిన బొమ్మ అది, ఇప్పటికీ తలచుకుంటే బాధగానే ఉంటుంది.

అందుకే ముందు గ్లాసిన్. అంచులు వెనక్కి మడిచి టేపు వెనక చెక్కకే వేయండి, టేపు చివర కొంచెం మడిచి వదిలితే విప్పేవాళ్లు బ్లేడు పెట్టకుండా చేత్తో లాగేస్తారు. దాని మీద అట్ట, ఆ తర్వాతే బబుల్ ర్యాప్, బుడగలు బయటికి.

ఇక కోపం వచ్చిన సంగతి. కిట్‌లో పెట్టెలు ఐదు, బబుల్ ర్యాప్ చాంతాడంత, గ్లాసిన్ మాత్రం రెండే షీట్లు! మిగతా మూడు బొమ్మలు దేంట్లో చుట్టాలి, న్యూస్ పేపర్లోనా? సిరా అంటుకోదా? రంగుకు తగిలేది ఆ ఒక్క కాగితమే, దాని దగ్గరే పిసినారితనం చూపిస్తే ఎలా?

పెట్టెలు గట్టివే, కాదనను. నిండా సర్ది నడుమెత్తు నుంచి మూల మీద పడేలా వదిలాను, అట్ట నలిగింది గానీ లోపల ఫ్రేమ్‌కు ఏమీ కాలేదు. సైజే కాస్త ఎక్కువ. చాలామంది కొరియర్ వాళ్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, వచ్చిన కిలోలు అసలు బరువు కన్నా ఎక్కువైతే వాటికే డబ్బులు తీసుకుంటారు. 70, 70, 10 పెట్టె అంటే 9.8 కిలోలు, లోపల బొమ్మ రెండు కిలోలున్నా సరే.

నిమ్మలకుంట తోలుబొమ్మలు పంపడానికి పనికొస్తుందా అంటే, పరిచి పంపే బొమ్మలకు పర్వాలేదు, రెండు గట్టి అట్టల మధ్య మడత పడకుండా పెట్టి, తేమ తగలకుండా బయట ప్లాస్టిక్ కవర్ వేయండి. మేకతోలు కదా, తేమ పీల్చిందంటే వంకర్లు పోతుంది. తోలు ల్యాంపులకు మాత్రం వద్దు, వాటికి పెట్టెలో పెట్టె ఉండాలి, మధ్యలో చుట్టూ రెండంగుళాలు మెత్తగా నింపాలి.

కాబట్టి నా మాట, ఈ కిట్ ఇప్పుడు కొనకండి. గ్లాసిన్ రోల్ విడిగా తెప్పించుకోండి, గట్టి అట్టపెట్టె మీ ఊళ్లోనే దొరుకుతుంది. పెట్టెకొక షీట్ చొప్పున ఇవ్వమని కంపెనీకి మెసేజ్ పెట్టాను, ఇస్తే నా డబ్బులతోనే కొంటాను. ఉన్న రెండిట్లో ఒకటి రేపు కడపకు వెళ్లే బొమ్మకు వాడుతున్నాను, అది చేరాక విప్పేటప్పుడు వీడియో తీసి పంపమని అడిగాను, రాగానే మీకూ చూపిస్తాను.