లీటరు నీళ్లు, ఒక పొట్లం: కర్నూలు స్టూడియోలో గంటసేపు సాగిన చర్చ నుంచి

(చర్చలో పాల్గొన్నవారు: విశ్రాంత పిల్లల వైద్యుడు, చరిత్ర అధ్యాపకురాలు, మందుల దుకాణం యజమాని, ఆశా కార్యకర్త. నలుగురికీ సమానంగా సమయం ఇస్తామని వ్యాఖ్యాత మొదట్లోనే చెప్పారు. అది ఎంతవరకు జరిగిందో చదివేవారికే తెలుస్తుంది.)

వ్యాఖ్యాత: నమస్కారం. మనిషి బతుకును మార్చిన ఆవిష్కరణలు అనగానే పెన్సిలిన్, ఎక్స్‌రే, మశూచి టీకా గుర్తొస్తాయి గానీ ఓఆర్‌ఎస్ పొట్లం, అంటే విరేచనాలతో ఒంట్లో నీరు పోయినప్పుడు నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజుల పొడి, ఎవరికీ గుర్తురాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఆ పేరు ఉండకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించడంతో అది మళ్లీ వార్తల్లోకి వచ్చింది. నా ప్రశ్న ఒక్కటే. మనవాళ్లు కనిపెట్టినవాటికి, ముఖ్యంగా మన భీమవరంలో పుట్టి, అమెరికాలో మందుల మీద పరిశోధన చేసిన యల్లాప్రగడ సుబ్బారావు గారికి, దక్కాల్సిన పేరు ఎందుకు దక్కలేదు?

వైద్యుడు: పేరు సంగతి తర్వాత చూద్దామండీ, ముందు ప్రాణాల సంగతి చూడాలి. ముప్పై ఏళ్లకు పైగా ఈ జిల్లాలో పిల్లలను చూసినవాణ్ణి. బేదులు పట్టుకున్న బిడ్డకు తల్లి తియ్యటి పానీయం తాగిస్తూ, ఓఆర్‌ఎస్సే పట్టిస్తున్నాను సార్ అని చెప్పేది. అందులో చక్కెర మోతాదు మించి ఉంటుంది కనుక అది పేగులోకి ఇంకా నీళ్లు లాగి, విరేచనాలను ఎక్కువ చేస్తుంది. హైదరాబాద్‌లో పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఇలాంటి పేర్ల మీద ఏళ్ల తరబడి పోరాడి...

దుకాణం యజమాని: సార్, ఒక్క మాట. మేమేమీ దొంగచాటుగా అమ్మలేదు. ఆ పేరు వాడుకోవడానికి 2022లో అనుమతి ఇచ్చిందీ ఆ ఆహార భద్రతా సంస్థే కదా! ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు అని పెట్టె మీద రాయాలని షరతు కూడా పెట్టింది.

వైద్యుడు: అదే నేను అడిగేది! పైన ఓఆర్‌ఎస్ అని రాసి, కింద ఇది ఓఆర్‌ఎస్ కాదు అని రాస్తే చదివే తల్లి ఏది నమ్మాలి? అసలు చదువు రాని తల్లి సంగతేమిటి?

అధ్యాపకురాలు: ఈ పొట్లం ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెప్పాలనుకుంటున్నాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా ప్రబలి, సెలైన్ సీసాలు అయిపోతున్న వేళ, దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, ఆ నీళ్లు రోగులకు తాగించే పనిని వారి బంధువులకే అప్పగించారు. అంతకుముందు నూటికి ముప్పై మంది దాకా పోతున్న చోట మరణాలు నూటికి నాలుగు లోపుకు తగ్గాయి. ఇంటివాళ్ల చేతికి వైద్యం...

వ్యాఖ్యాత: మహలనబిస్ గారికీ నోబెల్ రాలేదు కదా మేడం! పద్మవిభూషణ్ కూడా 2023లో, ఆయన పోయాక వచ్చింది. మన సుబ్బారావు గారిదీ ఇదే కథ.

వైద్యుడు: ఉండండి, అసలు విషయం జారిపోతోంది. కలరా వచ్చినా పేగులో ఒక దారి చెడిపోదు. గ్లూకోజు లోపలికి వెళ్తూ సోడియాన్ని వెంట తీసుకుపోతుంది, ఆ రెండింటి వెంట నీళ్లు వెళ్తాయి. ఈ సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ప్రాగ్ నగరంలో చెప్పారు. అంటే మోతాదే ప్రాణం! నేటి సూత్రంలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉండాలి. చక్కెర పెంచితే ఆ లెక్క తప్పుతుంది. లాన్సెట్ అనే వైద్య పత్రిక 1978లోనే దీన్ని ఇరవయ్యో శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య ప్రగతి కావచ్చని రాసింది. పెన్సిలిన్‌ను కాదండీ, దీన్ని!

అధ్యాపకురాలు: పెన్సిలిన్‌ను తక్కువ చేయడం సరికాదు. 1928లో ఫ్లెమింగ్ చూసినది మందుగా మారడానికి ఫ్లోరీ, చెయిన్ అనే శాస్త్రవేత్తలు...

వైద్యుడు: తక్కువ చేయడం లేదు మేడం, పెన్సిలిన్‌కు కర్మాగారం కావాలి, దీనికి వంటిల్లు చాలు. నేను అంటున్నది అదే, మళ్లీ అంటాను, వంటిల్లు చాలు.

ఆశా కార్యకర్త: సార్, వంటింట్లోనే తప్పు జరుగుతోంది. మా ఊళ్లో పొట్లం ఇచ్చి వస్తే, చించి, ఒక గ్లాసు నీళ్లలో సగం కలిపి, మిగతాది మడిచి గూట్లో పెడతారు. పెద్దమ్మలైతే, బేదులు అవుతుంటే నీళ్లు పోస్తావా, ఇంకా ఎక్కువవుతాయి అని గ్లాసు లాక్కుంటారు. అందుకని నేను ఖాళీ లీటరు సీసా సంచిలో పెట్టుకుని...

వ్యాఖ్యాత: చాలా బాగుందమ్మా. డాక్టర్ గారూ, సుబ్బారావు గారి సోదరులు పోయింది కూడా స్ప్రూ అనే పేగు జబ్బుతోనే కదా? ఆ జబ్బుకు పనికొచ్చిన ఫోలిక్ ఆమ్లాన్ని అమెరికాలో తయారు చేసినది ఆయన బృందమే కదా?

వైద్యుడు: నిజమే. క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజిన్ కూడా ఆయన చలవే. కానీ ఇవాళ్టి విషయం అది కాదు. అనుమతి ఇచ్చినవాళ్లు...

దుకాణం యజమాని: అనుమతి మా చేతుల్లో లేదు సార్. పొట్లం ఇస్తే, అది గవర్నమెంటు ఆస్పత్రి రుచి, వద్దు అని జనమే వెనక్కి ఇస్తారు. తియ్యటిదే అడుగుతారు.

వైద్యుడు: అడిగితే ఇచ్చేస్తారా? నాణ్యమైన దుకాణం...

(రెండు నిమిషాల పాటు ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. మాటలు విడిగా వినిపించలేదు.)

అధ్యాపకురాలు: కలరా విషపదార్థాన్ని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కనుగొన్నారు. ఆయన పేరు ఈ చర్చలో ఇంతవరకు రానే లేదు.

వ్యాఖ్యాత: చూశారా, మళ్లీ గుర్తింపు దగ్గరికే వచ్చాం! సుబ్బారావు గారి మీద 1995లో తపాలా బిళ్ల వేసి చేతులు దులుపుకున్నాం. సమయం ముగిసింది. డాక్టర్ గారు చెప్పినదాన్ని బట్టి తప్పు దుకాణాలదేనని...

దుకాణం యజమాని: అలా ఎవరు తేల్చారండీ?

ఆశా కార్యకర్త: సార్, లీటరు సీసా మాట పూర్తి చేస్తాను. పొట్లం లేనప్పుడు అదే సీసా నిండా నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా మీద గోపురంగా కాకుండా సమంగా...

(ప్రసారం ఇక్కడ ఆగింది.)